మరమ్మతు పనే బడిగా... ఫ్రెడరిక్ జోన్స్ జీవితం



ప్రతి సంచికలోనూ ఒక మహనీయుని జీవితం ఉండటం మన ఆనవాయితీ. స్వాతంత్ర్య సమరయోధులు, సంఘ సంస్కర్తలు, కవుల గురించి ఇంతకుముందు మన పత్రికలో చాలామంది రాశారు. ఈసారి ఒక మెకానిక్ గురించి రాద్దామనుకున్నాం. ఆయన అమెరికాకు చెందిన నల్లజాతి ఇంజనీరు ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్. తల్లిదండ్రులు లేరు, కాలేజీ చదువు లేదు. పాడైన మిషన్లు విప్పి, బాగు చేసి, అందులోంచే చదువు నేర్చుకున్నారు. లారీల్లో కూరగాయలు, మాంసం, మందులు చెడిపోకుండా వేల కిలోమీటర్లు వెళ్లేలా చేసిన శీతల యంత్రం ఆయన చేతుల మీదుగా వచ్చింది.

మరమ్మతు అనగానే మన వాళ్లు చిన్నచూపు చూస్తారు. డిగ్రీ చదివినవాడు స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఇందుకేనా చదివించింది అంటారు. ఐటీఐలో ఏసీ మెకానిక్ ట్రేడ్ చదివిన తమ్ముడు నలుగురిలో ఆ మాట చెప్పుకోవడానికి వెనకాడతాడు. ఈ ఆలోచన ఎంత తప్పో జోన్స్ జీవితం చూస్తే తెలుస్తుంది.

బాల్యం

జోన్స్ 1893 మే 17న ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో జన్మించారు. తండ్రి ఐరిష్ మూలాలున్న తెల్లజాతి రైల్వే కార్మికుడు. తల్లి నల్లజాతి స్త్రీ. తల్లి ఆయనకు ఊహ తెలియని వయసులోనే దూరమైంది. ఒంటరిగా పిల్లవాణ్ణి పెంచలేని తండ్రి, నది అవతల కెంటకీ రాష్ట్రంలో ఉన్న ఒక కాథలిక్ ఫాదర్ దగ్గర ఆయనను వదిలారు. కొంతకాలానికి తండ్రి కూడా చనిపోయారు.

ఫాదర్ ఇంట్లో తిండికి, నీడకు లోటు లేదు. దానికి బదులుగా ఊడవడం, తుడవడం, గిన్నెలు కడగడం వంటి పనులు చేయాలి. కొంత బడి చదువు కూడా అక్కడే దొరికింది. సొంతవాళ్లు లేని చోట, ఇతరులు పెట్టే అన్నం తింటూ, వాళ్ల నియమాల ప్రకారం పెరగడం ఎలా ఉంటుందో హాస్టల్లో పెరిగిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పదకొండు, పన్నెండేళ్ల వయసులో జోన్స్ ఆ ఇల్లు విడిచి మళ్లీ సిన్సినాటి చేరుకున్నారు. బడి చదువు అంతటితో ఆగిపోయింది.

గ్యారేజీయే కాలేజీ

అప్పుడప్పుడే మోటారు కార్లు రోడ్ల మీదికి వస్తున్న రోజులవి. జోన్స్ ఒక కార్ల గ్యారేజీలో ఊడ్చే పనికి చేరారు. పని చేస్తూనే మెకానిక్‌ల చేతుల వైపు చూసేవారు. ఏ నట్టు ఎందుకు బిగిస్తున్నారు, ఏ శబ్దం వస్తే ఏ భాగం విప్పుతున్నారు అన్నది గమనించేవారు. పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చేసరికి ఆయనే మెకానిక్ అయ్యారు. కొద్దికాలంలోనే తనకన్నా పెద్దవాళ్ల చేత పని చేయించే ఫోర్‌మన్ స్థాయికి ఎదిగారు. రేసు కార్లు తయారుచేయడం కూడా అక్కడే మొదలైంది.

చేతికి తెలిసిన విషయం పుస్తకంలో ఎలా ఉందో వెతకడం ఆయన అలవాటు. యంత్రాల గురించి, విద్యుత్తు గురించి దొరికిన పుస్తకమల్లా చదివేవారు. చదివినది మళ్లీ మిషన్ మీద సరిచూసుకునేవారు. ఈ అలవాటు చివరిదాకా పోలేదు.

1912లో ఉత్తరాన కెనడా సరిహద్దుకు దగ్గరగా, మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న హాలక్ అనే చిన్న ఊరికి చేరారు. అక్కడ వేల ఎకరాల వ్యవసాయ క్షేత్రంలో ట్రాక్టర్లు, ఆవిరి ఇంజన్లు, మోటార్లు బాగుచేసే పని దొరికింది. కోత కాలంలో మిషన్ ఆగితే పంట పోతుంది. పట్నం నుంచి విడిభాగం వచ్చేదాకా ఆగే వీలు ఉండదు. ఉన్న సామానుతోనే మిషన్ నడిపించాలి. ఈ అవసరమే ఆయనకు గురువైంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరి ఫ్రాన్స్ వెళ్లారు. ఆ రోజుల్లో అమెరికా సైన్యం నల్లవారిని వేరే దళాల్లో ఉంచేది. ఆ పరిస్థితిలో కూడా ఆయన విద్యుత్ పని తెలిసినవాడిగా పేరు తెచ్చుకుని, శిబిరాలకు కరెంటు, టెలిఫోను తీగలు వేసి, సార్జెంట్ హోదాకు చేరారు.

ఊరికి కావలసినవన్నీ

యుద్ధం ముగిశాక హాలక్‌కే తిరిగి వచ్చారు. ఊళ్లో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ఆయన దగ్గరకు వచ్చేవారు. చలికాలంలో మంచు నిండిపోయి డాక్టరు రోగుల ఇళ్లకు వెళ్లలేకపోతే, పాత విమానం బాడీకి కింద స్కీలు బిగించి, ఇంజనుకు పంకా పెట్టి మంచు మీద నడిచే బండి తయారుచేశారు. డాక్టరు కోసం ఎక్స్‌రే మిషన్ తయారుచేశారు. ఊరి రేడియో కేంద్రానికి ట్రాన్స్‌మిటర్ నిర్మించారు.

1920ల చివర్లో మాటలు వినిపించే సినిమాలు వచ్చాయి. ఆ శబ్ద పరికరాలు కొనడం చిన్న ఊరి థియేటర్‌కు సాధ్యం కాలేదు. పాత సామాను ఏరి జోన్స్ సొంతంగా పరికరం తయారుచేశారు. హాలక్‌లో బొమ్మకు, మాటకు చక్కగా జత కుదిరిందన్న సంగతి మినియాపొలిస్ నగరంలో సినిమా పరికరాల వ్యాపారం చేసే జోసెఫ్ న్యూమెరో చెవిన పడింది. ఆయన 1930 ప్రాంతంలో జోన్స్‌ను పిలిపించి తన కంపెనీలో ఇంజనీరుగా పెట్టుకున్నారు. థియేటర్లలో టికెట్టు ఇచ్చే మిషన్‌కు 1939లో జోన్స్ పేటెంటు పొందారు. అది ఆయన మొదటి పేటెంటు.

ఐసు కరిగిన లారీ

ఆ రోజుల్లో మాంసం, పాలు, పళ్లు దూరం పంపాలంటే ఐసే దిక్కు. పెట్టెల్లో ఐసు, ఉప్పు కలిపి నింపేవారు. లారీ దారిలో ఆగితే, ఎండ ఎక్కువైతే, ఐసు కరిగి సరుకంతా పాడయ్యేది. న్యూమెరోకు తెలిసిన ఒక లారీల యజమాని ఇలాగే ఒక లోడు కోడిమాంసం పోగొట్టుకున్నాడనీ, ఆ కబుర్ల నుంచే ఈ పని మొదలైందనీ చెప్పుకుంటారు.

ఇళ్లలో, థియేటర్లలో చల్లబరిచే యంత్రాలు అప్పటికే ఉన్నాయి. లారీ మీద పెట్టాలని కూడా కొందరు ప్రయత్నించారు. అవి చాలా పెద్దవి, సరుకు పెట్టే చోటంతా ఆక్రమించేవి. పైగా గతుకుల రోడ్డు మీద అదురుకు పైపుల జాయింట్లు వదులై గ్యాస్ కారిపోయేది. జోన్స్ లారీ లోపలికి వెళ్లి కొలతలు తీసుకుని, ఇది చేయవచ్చని తేల్చారు. 1938లో మొదటి యంత్రం తయారైంది. న్యూమెరో సినిమా వ్యాపారం అమ్మేసి దీని కోసమే కొత్త కంపెనీ పెట్టారు. తర్వాతి కాలంలో ప్రపంచమంతా తెలిసిన థర్మో కింగ్ కంపెనీ అదే.

మొదటి నమూనాను లారీ కింద బిగించారు. రోడ్డు మీది దుమ్ము, బురద చిమ్మి అందులో పేరుకునేవి. జోన్స్ దాన్ని పక్కన పడేయలేదు. చెడిపోయిన ప్రతిసారీ కారణం రాసుకుని, మార్చి, తేలిక చేసి, చివరికి దుమ్ము అందని చోటికి, అంటే ట్రైలర్ ముందు భాగంలో పైకి తీసుకువెళ్లారు. ఈ రోజు మనం హైవే మీద చూసే రీఫర్ లారీలకు ముందు భాగంలో పైన ఒక పెట్టె ఉంటుంది. దాని స్థానం అలా నిర్ణయమైంది.

చల్లదనం ఎలా వస్తుంది

జోన్స్ గొప్పతనం తెలియాలంటే ఈ మిషన్ సూత్రం తెలియాలి. అది కష్టమేమీ కాదు. చెమట ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. మట్టి కుండలో నీళ్లు చల్లబడతాయి. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కోవడమే దీనికి కారణం. ఫ్రిజ్‌లోనూ, ఏసీలోనూ జరిగేది ఇదే. కాకపోతే అక్కడ ఆవిరైన గ్యాస్‌ను బయటికి వదలకుండా మళ్లీ ద్రవంగా మార్చి వాడుకుంటారు.

కంప్రెసర్ గ్యాస్‌ను గట్టిగా అదుముతుంది. అదిమిన గ్యాస్ వేడెక్కుతుంది. ఆ వేడిని బయట ఉండే కండెన్సర్ కాయిల్ గాలిలోకి వదిలేస్తుంది, గ్యాస్ ద్రవమవుతుంది. ఆ ద్రవం సన్నని గొట్టం దాటగానే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గుతుంది. లోపలి కాయిల్‌లో అది ఆవిరవుతూ గదిలోని వేడిని లాక్కుంటుంది. మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది. అంటే ఈ మిషన్ లోపలి వేడిని మోసుకెళ్లి బయట పడేసే కూలీ లాంటిది. ఈ చక్రం ఎక్కడ ఆగినా చల్లదనం ఆగిపోతుంది.

జోన్స్ తర్వాతి పేటెంట్లలో చాలావరకు ఇలాంటి యంత్రాలకు ఎదురయ్యే చిక్కులు కనిపెట్టి, వాటికి విరుగుడు చేసినవే. లోపల తగినంత చల్లబడగానే ఇంజను తనంతట తాను ఆగి, వేడెక్కగానే మళ్లీ మొదలయ్యే ఏర్పాటుకు 1943లో పేటెంటు వచ్చింది. దీంతో డ్రైవరు మాటిమాటికీ దిగి చూసుకునే అవసరం తప్పింది. మిన్నెసోటా చలిలో ఇంకో చిక్కు ఉంది. బయట గడ్డకట్టే చలి ఉంటే లారీలోని కూరగాయలు కూడా గడ్డకట్టి పాడవుతాయి. అందుకని ఒకే యంత్రం అవసరాన్ని బట్టి వేడినీ చలినీ ఇచ్చే పద్ధతికి 1950లో పేటెంటు పొందారు. లోపలి కాయిల్ మీద మంచు పేరుకుంటే అది దుప్పటిలా అడ్డుపడి గాలి ఆడదు. ఆ మంచును కరిగించే పద్ధతికి 1954లో పేటెంటు వచ్చింది. మొత్తం 60కి పైగా పేటెంట్లు ఆయన పేరున ఉన్నాయి. అందులో 40 దాకా శీతలీకరణకు చెందినవే.

యుద్ధంలో సేవ, ఆలస్యంగా వచ్చిన గౌరవం

రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల రక్తం, మందులు, ఆహారం చెడిపోకుండా నిలవ చేయడానికి జోన్స్ రూపొందించిన యంత్రాలు యుద్ధరంగానికి వెళ్లాయి. 1944లో అమెరికా శీతలీకరణ ఇంజనీర్ల సంఘం ఆయనను సభ్యునిగా చేర్చుకుంది. ఆ సంఘంలో చేరిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. కాలేజీ గడప తొక్కని మనిషి పట్టభద్రులైన ఇంజనీర్ల సరసన కూర్చున్నారు. 1950లలో అమెరికా రక్షణ శాఖ ఆయన సలహాలు తీసుకుంది.

1961 ఫిబ్రవరి 21న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మినియాపొలిస్‌లో కన్నుమూశారు. కంపెనీ అదే ఏడాది వెస్టింగ్‌హౌస్ అనే పెద్ద సంస్థ చేతికి వెళ్లింది. శీతల యంత్రాల పేటెంట్ల హక్కులు కంపెనీవి కాబట్టి మిషన్ మీద కంపెనీ పేరే నిలిచింది. తయారుచేసిన మనిషి పేరు చాలాకాలం మరుగున పడింది. 1991లో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ జాతీయ టెక్నాలజీ పతకాన్ని జోన్స్‌కూ న్యూమెరోకూ మరణానంతరం ప్రకటించి, వారి భార్యలకు అందజేశారు. ఆ పతకం పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి జోన్స్. ఆయన చనిపోయి అప్పటికి 30 ఏళ్లయింది. 2007లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తిమందిరంలో ఆయనకు స్థానం దక్కింది.

మన సంగతికి వస్తే, కోస్తా జిల్లాల రొయ్యలు విదేశాలకు వెళ్లేది శీతల కంటెయినర్లలోనే. 2021లో హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి ఊరూరా చేర్చవలసి వచ్చింది. దారి పొడవునా చలి తప్పకుండా సరుకు చేర్చవచ్చని నిరూపించిన తొలితరం వారిలో జోన్స్ ఒకరు.

మన ఇంట్లో జోన్స్ పద్ధతి

మహనీయుని జీవితం చదివి పుస్తకం మూసేస్తే ఉపయోగం లేదు. చెడిపోయిన మిషన్‌ను చూసి భయపడకుండా కారణం వెతకడం ఆయన పద్ధతి. తేలికైన కారణం నుంచి మొదలుపెట్టి కష్టమైనదాని దాకా వెళ్లాలి. మన ఇళ్లల్లో ఉండే వాటికి ఆ పద్ధతి ఎలా పనికొస్తుందో కొంత చెబుతాం. ఏది ముట్టుకునే ముందైనా స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీయడం మరవకండి.

కూలర్: కూలర్ పెట్టి కిటికీలు, తలుపులు అన్నీ మూస్తే ఉక్కపోస్తుంది. కూలర్ గాలిలో తేమ నింపుతుంది కాబట్టి ఆ గాలి బయటికి పోవడానికి ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉండాలి. గడ్డి ప్యాడ్‌ల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటే గాలి, నీరు ఆడవు. కడగాలి, లేదా మార్చాలి. ఇనుప బాడీ కూలర్లతో కరెంటు షాక్ కొట్టి ప్రాణాలు పోయిన సంఘటనలు వేసవిలో వింటూనే ఉంటాం. నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు తీసే ఉండాలి. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి.

ఫ్రిజ్: చల్లదనం తగ్గితే ముందు తలుపు రబ్బరు చూడండి. ఒక కాగితం మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. తేలిగ్గా వచ్చేస్తే రబ్బరు వదులైందని అర్థం. ఫ్రిజ్ గోడకు ఆనుకుని ఉంటే వేడి పోవడానికి దారి ఉండదు. జరిపి, వెనుక కాయిల్ ఉంటే దాని మీది దుమ్ము మెత్తటి బ్రష్‌తో తుడవండి. ఫ్రీజర్‌లో ఐసును కత్తితో గీకడం మన ఇళ్లల్లో మామూలు. అక్కడి కాయిల్ పలుచగా ఉంటుంది. ఒక్క గాటు పడితే గ్యాస్ అంతా పోతుంది. ఆపి, తలుపు తెరిచి ఉంచితే ఐసు తనంతట తానే కరుగుతుంది. కరెంటు పోయి వచ్చిన వెంటనే కూడా వేయవద్దు. గొట్టాల్లో ఒత్తిడి సమానం కాకముందే మొదలుపెడితే కంప్రెసర్ తిరగలేక వేడెక్కుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి.

ఏసీ: చల్లగా రాకపోతే ముందు ఫిల్టరు తీసి చూడండి. దుమ్ము ఎక్కువ ఉండే చోట రెండు వారాలకొకసారి మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టాలి. లోపలి కాయిల్ మీద మంచు కడితే గాలి ఆడటం లేదనో, గ్యాస్ తగ్గిందనో అర్థం. చలి ఆపి ఫ్యాన్ ఒక్కటే నడిపితే మంచు కరుగుతుంది. ఫిల్టరు కడిగాక కూడా మంచు కడితే మెకానిక్‌ను పిలవాలి. గదిలో నీళ్లు కారితే ఎక్కువసార్లు నీళ్లు పోయే పైపు మూసుకుపోయి ఉంటుంది. బయటి యూనిట్ ముందు చెత్త, బట్టలు అడ్డం లేకుండా చూడాలి. వేడి బయటికి పోకపోతే లోపల చల్లదనం రాదని పైన చెప్పుకున్నాం కదా.

గ్యాస్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ప్రతి వేసవిలో గ్యాస్ అయిపోయిందని నింపించుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. గ్యాస్ పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ముందు ఆ లీకు ఎక్కడుందో చూపించి, మూసిన తర్వాతే నింపమని మెకానిక్‌ను అడగాలి. ఈ ఒక్క ప్రశ్న తెలిస్తే ఇంట్లో వాళ్లకు ఏటా కొంత డబ్బు మిగులుతుంది.

మనం చేయకూడని పనులూ ఉన్నాయి. ప్లగ్గు తీసినా ఏసీ కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది, ముట్టుకుంటే షాక్ కొడుతుంది. కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో మండే గ్యాస్ వాడుతున్నారు. కాబట్టి గ్యాస్, కెపాసిటర్, లోపలి వైర్ల పని నేర్చుకున్నవాళ్లకే వదిలిపెట్టాలి. జోన్స్ కూడా ముందు చూసి, నేర్చుకుని, తర్వాతే చేయి పెట్టారు.

చేయి, పుస్తకం

మన సమాజం చాలాకాలం పని చేసే చేతులకు పుస్తకం అందనివ్వలేదు. పుస్తకం చదివేవారు పని ముట్టుకోలేదు. చెప్పు కుట్టినవారు, కుండ చేసినవారు, బావి తవ్వినవారు, మోటారు బాగుచేసినవారు ఎంతో తెలివితో చేసినా దానిని చదువుగా ఎవరూ లెక్కపెట్టలేదు. మనలో చాలామంది ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మనమే మొదలు. మన తాతల చేతుల్లో ఉన్న పనితనం, మన చేతుల్లోకి వచ్చిన పుస్తకం రెండూ కలిస్తే ఎంత దూరం పోవచ్చో జోన్స్ చూపించారు. పుస్తకం వచ్చిందని పనిని చిన్నబుచ్చితే సగం పోగొట్టుకున్నట్టే.

కాలేజీ లేకుండా ఆయన పైకి వచ్చారు కదా, మనకెందుకు చదువు అని ఎవరూ అనుకోవద్దు. ఆయనకు కాలేజీ తలుపులు తెరుచుకోలేదు, అయినా పుస్తకం వదల్లేదు. మనకు హాస్టల్ ఉంది, లైబ్రరీ ఉంది, స్కాలర్‌షిప్ ఉంది. ఇవి ఊరికే రాలేదు. ఎందరో పోరాడితే వచ్చాయి.

ఐటీఐ చదువుతున్న తమ్ముళ్లు తల ఎత్తుకుని తమ ట్రేడు పేరు చెప్పాలి. పై చదువులకు వెళ్లేవారు సెలవుల్లో ఒక మెకానిక్ అన్న పక్కన నాలుగు రోజులు నిలబడి చూడాలి. ఏదైనా కొత్తగా చేస్తే పేటెంటు ఎవరి పేరున ఉండాలో ముందే తెలుసుకోవాలి. ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు ఊళ్లోని పనివాళ్ల పిల్లల్లో ఒక్కరికైనా, న్యూమెరో జోన్స్‌కు ఇచ్చినట్టు, ఒక అవకాశం ఇవ్వాలి. అప్పుడే ఈ జీవితకథ రాసినందుకు మాకు, చదివినందుకు మీకు సార్థకత.